వినుటకొక గది

మృదంగము వాయించువాడు కచేరీకి కూర్చుండుటకు ముందు రవ్వను నీటితో తడిపి ముద్దచేసి, ఎడమ మూత నడుమ గుండ్రముగ నంటించి, బొటనవ్రేలితో అంచులు సవరించి, ఒకసారి కొట్టి చూచి, చిటికెడు గిల్లి తీసివేసి, మరల కొట్టి చూచుకొనుట నేను చిన్నతనము నుండి ఎరుగుదును. విజయనగరమున మా యింటికి రెండిండ్ల అవతల నొక మృదంగము మాస్టారు ఉండెడివారు. దీపములు పెట్టు వేళకు వారి అరుగుమీద శిష్యుల పాఠము మొదలగును. మా యింట వంటయైనను, చదువైనను, జ్వరముతో పడకయైనను ఆ నాదము నడుమనే సాగవలెను. తాకినంతనే పుట్టి, కొంచెము క్రిందికి జారి, రొమ్ములో నొక క్షణము నిలిచి, తరువాతి దెబ్బకు చోటిచ్చి తొలగిపోవు ఆ ఎడమ మూత నాదము నా చెవికి అక్షరాభ్యాసము వంటిది. నాదమును పలికించు యంత్రములలో ఏది మంచిదో, ఏది కాదో తేల్చుకొనుటకు నాకు ఈనాటికిని అదియే గీటురాయి.

ఇట్టి చెవి గలవాడనై యుండియు, ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట విశాఖపట్టణమున స్థిరపడి, అపార్టుమెంటులో 12 అడుగుల పొడవును 12 అడుగుల వెడల్పును 10 అడుగుల ఎత్తును గల యొక గదిని కేవలము సంగీతము వినుటకై ప్రత్యేకించుకొని, ఏండ్ల తరబడి దాచిన సొమ్ములో పెద్దభాగము వెచ్చించి, రొమ్మెత్తున నిలిచెడి యొక జత విదేశపు స్పీకర్లను తెచ్చి పెట్టుకొన్నప్పుడు నేను చేసిన పొరపాటు చిన్నది కాదు. అది నా యొక్కనికి సంబంధించినదే యైనచో పత్రికకు ఎక్కించవలసిన పని లేకపోవును. కాని క్రొత్తగా ఇల్లు కట్టుకొన్న సంగీతప్రియులు నాకు తెలిసినవారిలోనే పలువురు ఇదే త్రోవన లక్షలు పోయుచుండుటయు, వినుటలో తృప్తి కుదరక రెండు మూడేండ్లకొకసారి స్పీకర్లు మార్చుచుండుటయు చూచుచున్నాను. వారికి నేను చెప్పదలచినది ఇది: స్పీకరు మార్చవలెనని మనసు పుట్టినప్పుడు ముందు మార్చవలసినది గది, స్పీకరును ఎంచుకొనక తప్పనప్పుడు కొలబద్దగ గ్రహింపవలసినది అంగడిలో వినిపించు రికార్డు కాదు, మనము పుట్టి పెరిగిన సంగీతము.

ఎనుబదియేండ్లు దాటిన ఆ మాస్టారు ఇప్పుడు కుమారుని యొద్ద విశాఖలోనే యున్నారు. ఒకనాటి సాయంకాలము వారిని పిలుచుకొని వచ్చి, గది నడుమ కుర్చీ వేసి కూర్చుండబెట్టి, శ్రుతి ఒకటికి పాడు విద్వాంసుని కచేరీ యొకటి పెట్టితిని. వారు కన్నులు మూసికొని అరగంట వినిరి. తరువాత కన్నులు తెరచి, స్పీకర్ల వంక చూడక నా వంక చూచి, “పాట బాగుంది నాయనా. కాని ఆయన కింది పంచమం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎందుకలా గొంతు పెంచుతున్నాడు? ఎడమ చెయ్యి కూడా నలుగురు కలిసి వాయిస్తున్నట్టుంది” అనిరి. ఆ రికార్డును నేను పాత చిన్న స్పీకర్లపై నూరుసార్లు వినియుందును. ఆ విద్వాంసుడు ఏ పంచమము దగ్గరను గొంతు పెంచలేదు.

గొంతు పెంచినది గది. ఎదురెదురుగ నున్న రెండు గోడల నడుమ గాలి ఊయెల వంటిది. ఊయెలకు తనదైన తూగొకటి యుండును. ఆ తూగునకు సరిపడు వేళ తాకిన చిన్న త్రోపు కూడ దానిని ఎంతో ఎత్తునకు లేపును, వేళ తప్పిన త్రోపు వృథా పోవును. మన దేశపు వెచ్చని గాలిలో నాదము సెకనుకు సుమారు 347 మీటర్లు నడచును. 12 అడుగుల దూరమున నున్న రెండు గోడల నడుమ దాని మొదటి తూగు 47 హెర్ట్జుల యొద్దను, రెండవ తూగు 95 హెర్ట్జుల యొద్దను పడును. శ్రుతి ఒకటికి పాడు పురుషుని షడ్జము సుమారు 131 హెర్ట్జులు, దాని క్రింది పంచమము 98. అనగా విద్వాంసుడు మంద్రపంచమమును తాకినప్పుడెల్ల నా గది తన ఊయెలను తాను ఊపుకొనుచున్నది. పైగా పొడవును వెడల్పును సమానమగుటచేత రెండు జతల గోడలును ఒకే స్వరమునకు ఒకేసారి తూగుచున్నవి. నేను పదునాలుగడుగుల పొడవును పదునొకండడుగుల వెడల్పును గల గదిని ఎంచుకొని యుండినచో ఆ రెండు తూగులును వేరువేరు స్వరములపై పడి, దేనికదియే అణగియుండెడివి. చతురస్రపు గది కంటికి ముచ్చటగ నుండును గాని చెవికి అది పెద్ద శత్రువు. ఇల్లు కట్టించుకొనువారు ఈ యొక్క మాట మేస్త్రీకి ముందుగ చెప్పుకొన్నను చాలును.

పెద్ద స్పీకర్లు ఈ కీడును పెంచినవే గాని తగ్గింపలేదు. పాత చిన్న పెట్టెలకు 95 హెర్ట్జుల చోట బలము తక్కువ గనుక అవి ఊయెలను అంతగ త్రోయలేకపోయినవి; క్రొత్తవి త్రోయగలవు గనుక త్రోసినవి. అంగడిలో వానిని నేను విన్నది తివాచీ పరచిన విశాలమైన హాలులో, విదేశపు జాజ్ సంగీతముపై. అచ్చట అవి నిజముగనే గంభీరముగ పలికినవి. అమ్మినవారిని నిందించుటకు నాకు కారణము లేదు, వారు నా గదిని చూచినవారు కారు. గది కొలతలు తెలిసియు వాని ఊసెత్తక కొన్నవాడను నేను.

దీనికి విరుగుడు నాకు కాసు ఖర్చు లేకుండ దొరికినది. రెండవ తూగున గాలి ఒత్తిడి గోడలయొద్దను గది నట్టనడుమను మిక్కుటముగ నుండి, గోడనుండి నాలుగవ వంతు దూరమున శూన్యప్రాయమగును. నేను మాస్టారిని కూర్చుండబెట్టినది సరిగ నడుమ! మరునాడు కొలతపట్టీ తీసికొని, స్పీకర్లను ముందు గోడనుండి 3 అడుగులు ఇవతలకును, ప్రక్క గోడలనుండి 3 అడుగులు లోపలికిని జరిపి, కుర్చీని వెనుక గోడకు 3 అడుగుల దూరమున వేసితిని. స్పీకరు ఆ శూన్యస్థానమున నున్నచో ఊయెలను త్రోయజాలదు, చెవి ఆ శూన్యస్థానమున నున్నచో దాని తూగు వినబడదు. రెండు స్పీకర్ల నడుమ 6 అడుగులు, వాని వరుసనుండి కుర్చీకి 6 అడుగులు. ఎడమకుడుల సమన్వయమునకు నిపుణులు చెప్పు సమబాహుత్రిభుజమునకు ఇది మిక్కిలి దగ్గర. పంచమము తన మట్టునకు దిగెను. 47 హెర్ట్జుల తూగు అట్లే మిగిలినది గాని, మన కచేరీలో ఆ చోట పాడువాడును లేడు, పలికెడి తంత్రియు లేదు. పాశ్చాత్యుల పియానో అడుగుస్వరము 27.5 హెర్ట్జులకు దిగును. మగగొంతు తంబుర మంద్రతంత్రి 65 హెర్ట్జుల యొద్దనే ఆగును. ఇరువది హెర్ట్జుల వరకు పలుకు స్పీకరని చెప్పి అమ్ముచున్న ఆ అదనపు అడుగుభాగమునకు కర్ణాటక సంగీతము మాత్రమే వినువాడు పెట్టు సొమ్మంతయు తాను ఎన్నడును దిగని నూయి త్రవ్వించుటకు పెట్టు సొమ్ము వంటిది.

స్థానము కుదిరినది గాని గది ఇంకను కుదరలేదు. మన క్రొత్త ఇండ్ల గదులలో చప్పట్లు కొట్టి వినుడు: సిమెంటు పూసిన ఇటుకగోడ, కాంక్రీటు కప్పు, నేలకు అద్దమువంటి టైల్సు, గోడ నిడివిని గాజు కిటికీ, చప్పటకు గోడలన్నియు కలిసి కీచుమని బదులిచ్చును. ఈ విషయమును మొదట లెక్కకు తెచ్చినవాడు అమెరికాదేశపు వాలెస్ సేబిన్. 1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు క్రొత్తగ కట్టిన ఫాగ్ కళామందిరపు ఉపన్యాసశాలలో పలికిన మాట ఐదున్నర సెకన్లు గోడల నడుమ తిరుగుచు, వెనుకటి మాట చల్లారకమునుపే ముందటి మాట దానిమీద పడి, ఉపన్యాసము సర్వము కలగాపులగమగుచుండగా, దానిని చక్కబరచు పని భౌతికశాస్త్రము బోధించు ఆ యువకునికి అప్పగించిరి. అతడు రాత్రివేళ, ఊరు సద్దుమణిగిన పిమ్మట, ప్రక్కనున్న సాండర్స్ నాటకశాల కుర్చీల మెత్తలను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగ శాలలో పరచి, ఒక ఆర్గన్ గొట్టమును మ్రోగించి ఆపి, చేత గడియారము పట్టుకొని ఆ నాదము ఎంతసేపటికి అణగునో కొలిచి, తెల్లవారకమునుపే మెత్తలను మరల చేరవేయుచుండెను. అట్లు గడచిన రాత్రులనుండి ఒక సూత్రము పుట్టెను: గది ఘనపరిమాణము హెచ్చినకొలది నాదము నిలుచుట హెచ్చును, నాదమును మ్రింగు తలము హెచ్చినకొలది తగ్గును. 1900లో తెరచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రమును ముందుగ లెక్కవేసి కట్టినది. ప్రపంచమున మిక్కిలి చక్కని సంగీతశాలలలో నేటికిని అది యొకటి.

సేబిన్ సూత్రమున నా గదిని లెక్కించి చూచితిని. సామాను లేని గదిలో నాదము అణగుటకు రమారమి 2.3 సెకన్లు పట్టును. రెండువేల ఆరువందలకు పైగ ఆసనములు గల ఆ బోస్టన్ శాల జనముతో నిండియున్నప్పుడు ఇంచుమించు 1.9 సెకన్లు. మహాశాల కంటె నా పడకగదియే ఎక్కువ మ్రోగుచున్నది! ఇట్టి గదిలో ఎన్ని లక్షల స్పీకరు పెట్టినను, జంత్రగాత్రములు చక్కగ విడివడి వినబడవలెనని కోరుట పొగమంచులో నిలిచి కొండమీది గుడి గోపురమును చూడగోరుట వంటిది. అర సెకను యొద్దకు దానిని దింపవలెనన్నచో 140 చదరపుటడుగుల తెరచిన కిటికీకి సమానమగు తలము కావలెను. తెరచిన కిటికీ యని నేననుట అలంకారము కాదు. సేబిన్ నాదమును మ్రింగు శక్తికి మూలప్రమాణముగ గ్రహించినదియే తెరచిన కిటికీ, దానినుండి పోయిన నాదము తిరిగి రాదు గనుక.

ఇచ్చట నాకు మా తాతగారి మండువా లోగిలి జ్ఞాపకమునకు వచ్చును. నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి, చుట్టును పెంకుల వసారాలు, సున్నము పూసిన మట్టిగోడలు, నులకమంచములు, మూలన వడ్లబస్తాలు. ఆ మండువా ఒక పెద్ద తెరచిన కిటికీయే. పండుగనాడు అచ్చట హరికథ చెప్పిన దాసుగారి ఒక్కొక్క మాట వసారా చివర కూర్చున్న ముసలమ్మలకు ముత్యములు పేర్చినట్లు వినబడుటకు కారణము ఇదియని నాకు సేబినును చదివిన తరువాతనే తెలిసినది. మన పెద్దలు నాదశాస్త్రము చదివి లోగిలి కట్టలేదు. వెలుతురునకును గాలికిని కట్టిరి, చెవికి కూడ మేలు కలిగినది. మనము వెలుతురును గాలిని కూడ మూసివేసి టైల్సు పరచుకొంటిమి.

నేను చేసినది సామాన్యమైన పని. నేలపై దళసరి తివాచీ పరచితిని. వెనుక గోడకు బూరుగుదూది పరుపులు రెండు నిలువుగ నిలిపి, వానిపై పొందూరు ఖద్దరు తెర వేయించితిని. ప్రక్క గోడలకు తలుపులు లేని పుస్తకముల బీరువాలు చేర్చి, పొడుగు పొట్టి పుస్తకములను ఎగుడుదిగుడుగనే యుంచితిని. ముందు మూలలయందు చుట్టిన పరుపులు నిలిపితిని, ఏలయన మంద్రనాదము మూలలయందే పేరుకొనును, దానిని పట్టుటకు మందము కావలెను. గ్రుడ్లు పెట్టు అట్టలవంటి పలుచని నురుగుపలకలను గోడలనిండ అంటించువారిని చూచితిని. అవి తారనాదమును మాత్రము మ్రింగి, మంద్రమును ముట్టనైన ముట్టవు గనుక, గదిలో గుమ్మనుట అట్లే నిలిచి, తంబురలోని జీవము మాత్రము చచ్చును. ఈ తప్పు మిక్కిలి వ్యాపించియున్నది.

ఇక స్పీకరు ఎంపిక. మంచి స్పీకరునకును చెడ్డదానికిని భేదము లేదని నేను చెప్పబోవుట లేదు. భేదము చాల గలదు, దానికి ధర యుండుటయు న్యాయమే. అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇరువురు 1925లో తీర్చిన రూపమునందే, అనగా అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలగా దానికి అంటిన కోను గాలిని త్రోయు పద్ధతిలోనే, ఈనాటి స్పీకర్లలో అత్యధికము పనిచేయుచున్నవి. అటు పిమ్మట పలువురు పెద్ద బుద్ధిమంతులు దీనిపై జీవితములు వెచ్చించిరి. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలో పెట్టెలోని గాలినే స్ప్రింగుగ వాడి బీరువాయంత పెట్టె నుండి రావలసిన మంద్రమును రప్పించెను. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో కోనును తీసివేసి, విద్యుదావేశముతో కదలు పలుచని పొరతోనే మానవకంఠమును పలికించెను. కాని నాకు వీనియన్నింటికంటె బీ.బీ.సీ. ఇంజనీర్లు 1970ల దశకమున తమ బయలుప్రసారపు వ్యానులలోని ఇరుకుగదులకై చేసికొన్న ఎల్.ఎస్.3/5ఏ అను చిన్న పెట్టె కథ ప్రియమైనది. మోకాలెత్తు కూడ లేని ఆ పెట్టెకు అడుగుమంద్రము లేదు, పెద్ద గర్జనము లేదు. వారికి కావలసినది మాట. తెరకు ఈవల స్పీకరులోని గొంతును, ఆవల అదే మనిషి ఎదుట నిలిచి మాట్లాడిన గొంతును పోల్చి, ఏది ఏదో కనుగొన కష్టమగువరకు దానిని సవరించు సంప్రదాయము ఆ సంస్థ యింజనీర్లది. చిన్న గదికి చిన్న పెట్టె, గొంతునకు గొంతే ప్రమాణము: ఈ రెండు మాటలును మన యిండ్లకు సరిగ సరిపోవును.

మనకు గొంతుకంటె గొప్ప ప్రమాణము మరియొకటి కూడ గలదు. అది తంబుర. బాల్యమున ఈ విశాఖపట్టణముననే చదువుకొన్న సర్ సి.వి. రామన్ 1921లో మన తంత్రీవాద్యములపై వ్రాసిన పరిశోధనలో, తంబురకును వీణకును గల వెడల్పైన వంపు గుర్రమువలన, మీటిన తంత్రిలో పుట్టరానివని యూరపు శాస్త్రము చెప్పు ఉపరిస్వరములు కూడ పుట్టుచున్నవని చూపెను. అంతకు ముందటి యేడు ఆయన మృదంగపు కుడి మూతపై నల్లని పూతయగు కరణవలన చర్మవాద్యము కూడ తంత్రివలె శ్రుతిగ పలుకునని చాటెను. అనగా మన వాద్యములు ఉపరిస్వరముల గనులు. గుర్రముమీద తంత్రి క్రింద పెట్టు జీవాళి దారము సరిగ నమరిన తంబుర మీటినప్పుడు మంద్రము నుండి వేలకొలది హెర్ట్జుల వరకు స్వరములు తుమ్మెదల గుంపువలె ఒక్క దేహముగ కదలును. స్పీకరు లోపల ఈ గుంపును రెండుగ చీల్చి, క్రిందివానిని ఊఫరునకును పైవానిని ట్వీటరునకును పంపు క్రాసోవరు ఒకటి యుండును. చీల్చుచోటు సామాన్యముగ రెండు మూడువేల హెర్ట్జుల నడుమ, చెవికి మిక్కిలి చురుకుగల తావున పడును. అతుకు చక్కగ కుదిరిన స్పీకరులో తంబుర ఒక్కటిగ వినబడును. కుదరనిదానిలో క్రింద నొక తంబురయు పైన నొక ఝిల్లియు వినబడును. తల కొంచెము పైకెత్తినను, ప్రక్కకు వంచినను రంగు మారును. ఐదు నిమిషముల తంబురనాదము, మరేమియు లేని ఒట్టి తంబుర, స్పీకరులోని దోషమును ఏ గొప్ప కచేరీయు పట్టీయనంత స్పష్టముగ పట్టియిచ్చును. అంగడికి పోవువాడు ముందు దానిని వెంటగొని పోవలెను.

రెండవది తెలుగు పద్యము, అందును పాత సినిమాలోనిది. 1951 నాటి మల్లీశ్వరి పాటలైనను, ఆ కాలపు సినిమాలలో ఘంటసాల పాడిన పద్యములైనను ఒక్క జాడగ ముద్రించినవి. రెండు స్పీకర్లకును ఒకే సంకేతము పోవును. కనుక ఆ గొంతు రెండు పెట్టెలలో దేనినుండియు రాక, వాని నట్టనడుమ, ఒట్టి గాలిలో, ఒక్క మనిషి నిలిచి పాడినట్లు వినబడవలెను. ఆ గొంతు వెడల్పుగ తోచినను, చరణమునకొక ప్రక్కకు జరిగినను, జత సరిగ కలియలేదనియో, గదిలో ఎడమకుడులు సమముగ లేవనియో నిశ్చయింపవచ్చును. శ, ష, స లు మూడును మూడుగ వినబడుచున్నవా, మహాప్రాణముల వెనుక ఊపిరి ఉన్నదా యనునది గమనింపవలెను. మన భాషలో ఉచ్చారణ పోయిన సంగీతము సగము పోయినట్లే. పాత ముద్రణలలో అంచునాదములు లేవని కొందరు వానిని తోసివేయుదురు. అడుగును మీదును లేకపోయినను నడుమ నున్నదంతయు మనకు ప్రాణమే గదా!

మూడవది, నా యెడమ మూత.

వినునప్పుడు ఒక మోసమును కనిపెట్టి యుండవలెను. రెండు స్పీకర్లలో ఏది రవంత గట్టిగ పలికినను అదియే మేలైనదిగ తోచుట చెవి స్వభావము. ఒక్క డెసిబెలు భేదము చాలును. ఒకే ఆంప్లిఫయరుపై ఒక స్పీకరు 90 డెసిబెలులు, మరియొకటి 86 పలుకునప్పుడు రెండవదానికి శక్తిని రెండున్నర రెట్లు పెంచినగాని సమానము కాదు. కనుక గట్టితనము సమము చేయించి విన్న పిమ్మటనే తీర్పు చెప్పవలెను. ఫ్లాయిడ్ టూల్ 1980ల దశకమున కెనడా జాతీయ పరిశోధన మండలిలో స్పీకర్లను తెరచాటున నుంచి పలువురకు వినిపించి చూచినప్పుడు, పేరును ధరయు కనబడని స్థితిలో శ్రోతలలో పెద్దపాలు హెచ్చుతగ్గులు లేక సమముగ పలుకు స్పీకరునే మెచ్చుచున్నారని తేలెను. వెల చూచిన కన్ను చెవికి మాట అందించుచుండును. అంగడిలో కన్నులు మూసికొని వినుట మన సంప్రదాయమున సహజమే. ఎదుట ఏది మ్రోగుచున్నదో స్నేహితునిచే దాచించి వినుట అంతకంటె మేలు.

స్పీకరు కుదిరిన తరువాత చేయు మార్పుల విషయము క్లుప్తముగ చెప్పెదను. తీగలపై వేలు పోయుట నాకు సమ్మతము కాదు. ఇంటి ప్లగ్గులకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 3 మీటర్లు పోయి వచ్చునప్పటి అవరోధము సుమారు 0.04 ఓములు, ఎదుట స్పీకరు 8 ఓములు. అంతకుమించి తీగకు పని లేదు. ఆంప్లిఫయరు స్పీకరునకు చాలినంత శక్తిగలదై, నాలుగోముల స్పీకరును త్రోయుటకు వెరవనిదై యుండిన చాలును. సముద్రతీరమున నుండువారు ఒక్క సంగతి మరువరాదు: కోను చుట్టును నురుగుతో చేసిన అంచు గల ఊఫర్లు ఈ తేమకు పది పదునైదేండ్లలో పొడియై రాలును, రబ్బరు అంచు గలవి చాలకాలము మన్నును. అంచు రాలినదని జతనే అమ్మివేసి క్రొత్తది కొనవలసిన పని లేదు. అంచు మార్చి అతికించు పనివారు మన పట్టణములలో ఇంకను ఉన్నారు. వారిచేత బాగుచేయించిన నా పాత చిన్న స్పీకర్లు ఇప్పుడు మా అమ్మాయి యింట పాడుచున్నవి.

వయసు మాట కూడ నిష్కర్షగ చెప్పవలెను. అరువదేండ్లు దాటిన వానికి పండ్రెండువేల హెర్ట్జులకు మీది నాదము వినబడుట అరుదు. మనలో పలువురకు ఇట్టి స్పీకర్లు కొను శక్తి కలుగునాటికి వయసు అదియే. ఇరువదివేలకు మీదను పలుకునని చెప్పి అమ్ము ట్వీటరు ధరను కొనువాడు తన చెవిని ముందు పరీక్ష చేయించుకొని, ఆ సొమ్మును తివాచీకిని పరుపులకును మరలించినచో ఎక్కువ సంగీతము వినగలుగును. కొనదలచిన సొమ్ములో మూడవ వంతును గదికై తీసిపెట్టుమని నన్ను అడిగినవారికెల్ల చెప్పుచున్నాను. చాలమందికి ఈ సలహా రుచింపదు, పరుపు కంటికి కనబడు వైభవము కాదు గనుక.

ఇది కొనగలవారి మాట. కొనలేనివారి మాట నన్ను ఇంకను ఎక్కువగ బాధించును. విజయనగరము మహారాజా సంగీత కళాశాలకు ద్వారం వేంకటస్వామినాయుడుగారు అధ్యక్షులుగ నుండిన ఊరివాడను నేను. ఆయన కమాను ఒరపు, ఈమని శంకరశాస్త్రిగారి వీణ గమకము ఈనాటి కుర్రవాడు వినుచున్నది బస్సులో, చెవిలో ఇరికించిన పది రూపాయల నాణెమంత గుండీలో. ఆ గమకపు తుది ఊపు ఇంజను మ్రోతలో కలిసిపోవుచున్నది. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయమునను ఒక గదిని, చతురస్రము కాని దానిని, పుస్తకముల బీరువాలతోను తివాచీతోను శాంతపరచి, ఒక జత మంచి స్పీకర్లు పెట్టి, ఆకాశవాణి భాండాగారములోని పాత ముద్రణలను ఎవరైనను వచ్చి కూర్చుండి వినునట్లు ఏల చేయరాదు? గ్రంథాలయమునకు పుస్తకముల బీరువాలు ఎట్లును ఉన్నవి, గదులు ఉన్నవి, కావలసిన సొమ్ము ఒక మధ్యరకము కారు వెలకంటె తక్కువ. చదువుటకు బల్ల వేసిన ప్రభుత్వము వినుటకు కుర్చీ వేయుట అసాధ్యము కాదు. మన రెండు రాష్ట్రముల గ్రంథాలయ సంస్థలవారు దీనిని ఆలోచింపవలెనని మనఃపూర్వకముగ కోరుచున్నాను.

పరుపులును తివాచీయు అమరిన నెలనాళ్లకు మాస్టారిని మరల పిలుచుకొని వచ్చితిని. ఈసారి కుర్చీ వెనుక గోడకు 3 అడుగుల దూరమున నున్నది. అదే కచేరీ పెట్టితిని. విద్వాంసుడు మంద్రపంచమమునకు దిగి, నిలిచి, తిరిగి షడ్జమునకు వచ్చెను. మాస్టారు ఏమియు అనలేదు. రెండవ కీర్తనలో మృదంగము అందుకొన్న కొంతసేపటికి వారి కుడిచేయి మోకాలిమీద కదలుట మానెను. చెవి కొంచెము ముందుకు వంచి, “ఎడమ మూతకి రవ్వ కాస్త ఎక్కువ పెట్టాడు నాయనా, ఇంకా తడిగా ఉంది. పల్లవి తిరిగొచ్చేసరికి ఆరి సర్దుకుంటుంది చూడు” అనిరి.

మేమిరువురమును మాటలాడక వినుచు కూర్చుంటిమి. పల్లవి తిరిగి వచ్చునప్పటికి నాదము తేలికపడెను.